స్థూలకాయ శస్త్రచికిత్సల చరిత్ర: పద్ధతి ఎంపిక, జీర్ణ సమస్యలు, శస్త్రవైద్యుడు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• 1954 నుంచి స్థూలకాయానికి వచ్చిన ప్రధాన శస్త్రచికిత్సలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• ఒక్కొక్క పద్ధతి తెచ్చిపెట్టిన జీర్ణ సమస్యలకు కారణాలు చెప్పగలుగుతారు.
• పద్ధతినీ, శస్త్రవైద్యుణ్నీ ఎంచుకొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఎలాంటి అనుభవాల నుంచి వచ్చాయో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

వైద్య చరిత్ర అనగానే కొత్త మందులు, కొత్త పరికరాలు, వాటిని కనుక్కొన్నవారి పేర్లు గుర్తుకు వస్తాయి. వాడి వదిలేసిన చికిత్సల చరిత్ర కూడా అంతే ముఖ్యమైనది. ఒక చికిత్సను ఎందుకు మొదలుపెట్టారో తెలిస్తే ఆనాటి వైద్యుల ఆశ అర్థమవుతుంది. ఎందుకు మానేశారో తెలిస్తే ఆ ఆశకు రోగులు చెల్లించిన మూల్యం అర్థమవుతుంది.

స్థూలకాయ శస్త్రచికిత్సల చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో ఈ శస్త్రచికిత్సలు ఇప్పుడు మామూలుగా జరుగుతున్నాయి. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఎవరైనా దీని గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. అందువల్ల ఈ పాఠాన్ని పరీక్ష కోసం మాత్రమే కాకుండా, అలాంటివారి పక్కన కూర్చొని ఆలోచించడానికి కూడా పనికివచ్చేటట్లు చదవండి.

2. పేగును దాటవేసిన తొలి పద్ధతి

మనం తిన్న ఆహారం జీర్ణాశయంలో నలిగి చిన్నపేగులోకి వెళుతుంది. పోషకాలలో ఎక్కువ భాగం అక్కడే రక్తంలోకి చేరుతుంది. చిన్నపేగులో ఎక్కువ భాగాన్ని ఆహారం తాకకుండా చేస్తే, ఎంత తిన్నా ఒంటబట్టేది తక్కువే కదా? తొలి శస్త్రచికిత్సకు మూలం ఈ ఆలోచనే. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్రెమెన్, ఆయన సహచరులు దీన్ని 1954లో ప్రచురించారు.

1963లో పేన్, డివిండ్ బృందం చిన్నపేగు మొదటి భాగాన్ని నేరుగా పెద్దపేగుకు కలిపిన పది మంది రోగుల అనుభవాన్ని వెల్లడించింది. బరువు బాగా తగ్గింది. కాని విరేచనాలు ఆగలేదు, శరీరంలో లవణాల సమతుల్యం దెబ్బతిన్నది. బరువు తగ్గిన తరవాత పేగును మళ్లీ కలిపితే బరువు తిరిగి వచ్చింది. దానితో ఆ పద్ధతిని విడిచి, 1969లో జెజునంలో 14 అంగుళాలు, ఇలియంలో 4 అంగుళాలు మాత్రమే మిగిల్చి కలిపే పద్ధతిని వారు ప్రతిపాదించారు. సుమారు ఇరవై అడుగుల చిన్నపేగులో ఆహారానికి మిగిలిన దారి అడుగున్నర.

దీని ఫలితాలను కారణాలతో సహా గమనించండి. ఒంటబట్టని కొవ్వు, పైత్య ఆమ్లాలు పెద్దపేగులోకి చేరి విరేచనాలను కలిగించాయి. ఆ కొవ్వు పేగులోని కాల్షియాన్ని పట్టుకోవడంతో, మామూలుగా కాల్షియంతో కలిసి బయటికి పోవలసిన ఆక్సలేటు రక్తంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్లకు దారితీసింది. పక్కకు పెట్టిన పేగులో కదలిక లేక సూక్ష్మజీవులు పెరిగాయి. కీళ్లనొప్పులు వచ్చాయి. కొందరికి కాలేయం పూర్తిగా చెడి ప్రాణాపాయం కలిగింది. 1980ల ఆరంభానికి ఈ పద్ధతిని వైద్యలోకం విడిచిపెట్టింది. అప్పటికే అది చేయించుకొన్నవారు మాత్రం మరో శస్త్రచికిత్సో, జీవితకాలం పరీక్షలో ఎదుర్కోవలసి వచ్చింది.

3. జీర్ణాశయంపై దృష్టి

అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ మరో కోణంలో ఆలోచించాడు. కడుపుపుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన స్త్రీలు తిరిగి బరువు పెరగలేకపోవడం ఆయన గమనించాడు. ఆయన, చికాషి ఇటో కలిసి జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి చిన్నపేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్‌ను రూపొందించి 1967లో ప్రచురించారు.

మొదట్లో పేగును ఉచ్చులాగా పైకి తెచ్చి కలిపేవారు. అలా కలిపినప్పుడు పైత్యరసం సంచిలోకి ఎగదన్నేది. 1977లో గ్రిఫెన్ బృందం ఆంగ్ల అక్షరం 'వై' ఆకారంలో కలిపే అమరికను ఇందులో ప్రవేశపెట్టింది. స్విట్జర్లాండుకు చెందిన సీజర్ రూ పేరుమీద వచ్చిన ఆ అమరికలో పైత్యరసం చాలా కిందుగా ఆహారాన్ని కలుస్తుంది. అందువల్ల ఎగదన్నడం తగ్గింది.

ఈ పద్ధతికీ సొంత సమస్యలున్నాయి. తీపి పదార్థం సంచిలో నిలవకుండా ఒక్కసారిగా పేగులోకి జారితే, పేగు నీటిని లాక్కొంటుంది. కడుపునొప్పి, గుండెదడ, చెమట, విరేచనం కలుగుతాయి. దీన్నే డంపింగ్ అంటారు. కొందరికి తిన్న ఒకటి నుంచి మూడు గంటల తరవాత రక్తంలో చక్కెర పడిపోతుంది. ఆహారం ఆంత్రమూలాన్ని తాకదు కాబట్టి ఇనుము, కాల్షియం తక్కువగా అందుతాయి. విటమిన్ బి12 గ్రహించడానికి కావలసిన జీర్ణాశయ స్రావాలు ఆహారంతో సరిగా కలవవు. బి12 సహజంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే లభిస్తుంది కనుక, శాకాహార కుటుంబాలవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

పేగును ముట్టుకోకుండా జీర్ణాశయాన్ని మాత్రమే బిగించే ప్రయత్నాలూ జరిగాయి. 1980ల్లో మేసన్ ప్రవేశపెట్టిన నిలువు కుట్టు, పట్టీ పద్ధతి వాటిలో ఒకటి. గట్టి ఆహారం దిగక వాంతులయ్యేవి. దానితో చాలామంది సులువుగా దిగే మెత్తని తీపి పదార్థాలకు మళ్లారు. పోయిన బరువు తిరిగి వచ్చింది. 1986లో కుజ్మాక్ సిలికాన్ పట్టీకి బిగువు మార్చుకొనే వీలు కల్పించాడు. కోత లేదు, కావాలంటే తీసేయవచ్చు అన్న భరోసాతో ఆ పట్టీ తరవాతి కాలంలో బాగా వ్యాపించింది. 2001లో అమెరికా ప్రభుత్వ అనుమతీ లభించింది. ఏళ్లు గడిచేకొద్దీ పట్టీ జారడం, జీర్ణాశయం గోడలోకి తొలుచుకుపోవడం, అన్నవాహిక సాగిపోవడం బయటపడ్డాయి. అనేకమందికి దాన్ని తీసేయవలసి వచ్చింది.

4. మళ్లించిన రసాలు, మిగిలిన గొట్టం

ఇటలీలోని జెనోవాలో నికోలా స్కోపినారో 1970ల చివర మరో పద్ధతి తెచ్చాడు. పైత్యరసం, క్లోమరసం ఆహారాన్ని చిన్నపేగు చివరి 50 సెంటీమీటర్లలో మాత్రమే కలుస్తాయి. బరువు తగ్గడంలో ఇది శక్తిమంతమైనది. కాని జీర్ణంకాని కొవ్వువల్ల దుర్వాసనతో కూడిన విరేచనాలు, గ్యాసు, మాంసకృత్తుల లోపం, కొవ్వులో కరిగే ఎ, డి విటమిన్ల లోపం దీనితోపాటు వచ్చాయి. తరవాత దీన్ని సవరించి, జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, దాని చివరి ద్వారాన్ని అలాగే ఉంచే పద్ధతి వచ్చింది. ద్వారం ఉండటంవల్ల డంపింగ్ తగ్గింది.

ఈ సవరించిన పద్ధతిలోని మొదటి మెట్టే నేటి స్లీవ్ శస్త్రచికిత్స. మరీ ఎక్కువ బరువున్నవారికి మొత్తం శస్త్రచికిత్స ఒకేసారి చేయడం ప్రమాదకరమని, 2000 ప్రాంతంలో వైద్యులు దాన్ని రెండు దఫాలుగా విడదీశారు. మొదటి దఫాతోనే చాలామందికి బరువు బాగా తగ్గడంతో స్లీవ్ స్వతంత్ర పద్ధతిగా మారింది. ప్రపంచంలో ఈనాడు ఎక్కువగా జరిగేది ఇదే. ఇందులో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తీసేస్తారు. తీసిన భాగం తిరిగి రాదు. మిగిలిన సన్నని గొట్టంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఆమ్లం పైకి ఎగదన్నే అవకాశం పెరుగుతుంది.

2018లో వెలువడిన స్విట్జర్లాండు పరిశోధనలో స్లీవ్, బైపాస్ చేయించుకొన్నవారిని ఐదేళ్లు గమనించారు. బరువు తగ్గడంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని ఛాతీమంట, ఎగదన్నడం స్లీవ్ తరవాత 31.8 శాతం మందిలో ముదిరితే, బైపాస్ తరవాత 6.3 శాతం మందిలోనే ముదిరాయి. కాబట్టి 'ఏది మంచిది?' అన్న ప్రశ్న సరిపోదు. ఇప్పటికే ఛాతీమంటతో బాధపడే మనిషికి ఏది మంచిది, మాత్రలు క్రమంగా వేసుకోలేని మనిషికి ఏది మంచిది అని అడగాలి.

5. ఎవరికి, ఏ ఆధారంతో?

1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సమావేశం, శరీర ద్రవ్యరాశి సూచిక 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన అనుబంధ వ్యాధులున్నవారికి శస్త్రచికిత్సను పరిశీలించవచ్చని చెప్పింది. జీవితకాల పర్యవేక్షణ అవసరమని కూడా అదే సమావేశం చెప్పింది. ఆసియావాసులకు తక్కువ సూచిక దగ్గరే మధుమేహం వంటి వ్యాధులు వస్తాయి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు సాధారణ హద్దును 35కి తగ్గించి, ఆసియావాసులకు 27.5 నుంచే పరిశీలించవచ్చన్నాయి.

శస్త్రచికిత్స ఆయుష్షును పెంచుతుందా అన్న ప్రశ్నకు 1987లో మొదలైన స్వీడన్ పరిశోధన జవాబు వెతికింది. 2007లో ప్రచురించిన ఫలితాల్లో, శస్త్రచికిత్స చేయించుకొన్న 2,010 మందిలో మరణాలు, చేయించుకోని 2,037 మందితో పోలిస్తే తక్కువగా ఉన్నాయి. అయితే ఆ 2,010 మందిలో 1,369 మందికి చేసింది ఇప్పుడు దాదాపు వదిలేసిన నిలువు కుట్టు పద్ధతి. దీర్ఘకాల సాక్ష్యం చేతికి వచ్చేసరికి పద్ధతి మారిపోతూ ఉంటుందని మీరు గమనించాలి. అందువల్ల ఏ కొత్త పద్ధతి గురించి విన్నా, 'దీన్ని ఎన్నేళ్లపాటు, ఎంతమందిలో గమనించారు?' అని అడగడం చరిత్ర నేర్పిన మొదటి పాఠం.

6. శస్త్రవైద్యుని ఎంపిక

1990ల నుంచి చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీ వచ్చింది. నొప్పి, గాయం తగ్గాయి. అమెరికాలో 2009లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, శస్త్రచికిత్స జరిగిన 30 రోజుల్లో మరణాలు 0.3 శాతం. అయితే సగటు లెక్క అందరు వైద్యులకూ ఒకేలా వర్తించదు.

2013లో మిషిగన్ రాష్ట్రంలో ఒక పరిశోధన జరిగింది. ఇరవైమంది శస్త్రవైద్యులు తాము చేసిన బైపాస్ వీడియోను ఒక్కొక్కటి ఇచ్చారు. ఎవరిదో తెలియకుండా తోటి శస్త్రవైద్యులే నైపుణ్యానికి మార్కులు వేశారు. నైపుణ్యంలో చివరి పాతికవంతులో ఉన్నవారి రోగుల్లో 14.5 శాతం మందికి చిక్కులు వస్తే, మొదటి పాతికవంతువారి రోగుల్లో 5.2 శాతం మందికే వచ్చాయి. చేతి నైపుణ్యం రోగి ఫలితాన్ని మారుస్తుందని ఇది చూపింది.

అలాంటి వీడియోలు రోగికి దొరకవు. కాని ఈ ప్రశ్నలు అడగవచ్చు:
• ఈ పద్ధతిని మీరు ఇప్పటివరకు ఎన్నిసార్లు చేశారు? ఏటా ఎన్ని చేస్తారు?
• కుట్లు లీకైనవారు, మళ్లీ శస్త్రచికిత్స అవసరమైనవారు ఎంతమంది? ఆ లెక్క రాసి ఉంచుతున్నారా?
• నాకు వేరే పద్ధతి కాకుండా ఇదే ఎందుకు? నా ఛాతీమంటకు ముందుగా ఎండోస్కోపీ చేస్తారా?
• ఆహార నిపుణులు, మధుమేహ వైద్యులు మీ బృందంలో ఉన్నారా?
• ఐదేళ్ల తరవాత ఇబ్బంది వస్తే ఎవరిని కలవాలి?

చివరి ప్రశ్నను తేలికగా తీసుకోవద్దు. బైపాస్ తరవాత ఏళ్లకు కూడా పేగు లోపలి సందులో ఇరుక్కొని తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. నగరంలో శస్త్రచికిత్స చేయించుకొని జిల్లాలో ఉండే మనిషికి, అర్ధరాత్రి నొప్పి వస్తే దగ్గరి ఆసుపత్రివారికి చూపించడానికి శస్త్రచికిత్స వివరాల కాగితం ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

7. సారాంశం

పేగును దాటవేస్తే విరేచనాలు, పోషకాల లోపం. జీర్ణాశయాన్ని బిగిస్తే వాంతులు, ఎగదన్నడం. డెబ్బై ఏళ్లలో ఏ పద్ధతీ ఈ ఖర్చును పూర్తిగా తప్పించలేదు. కాని ఖర్చు తగ్గింది, ముందుగా చెప్పగలిగేంత తెలిసింది. తీవ్రమైన మధుమేహం, ఊపిరాడని నిద్ర, నడవలేని మోకాళ్లు ఉన్న మనిషికి ఆ ఖర్చు భరించదగినదే కావచ్చు. తాను ఏ ఇబ్బందితో బతకగలడో, దేనితో బతకలేడో రోగి చెప్పగలగాలి. దాన్ని విని పద్ధతిని నిర్ణయించే వైద్యుడే తగిన వైద్యుడు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1969 నాటి పేగు దాటవేత పద్ధతిలో మూత్రపిండాల్లో రాళ్లు ఎందుకు ఏర్పడ్డాయి?
2. స్లీవ్ శస్త్రచికిత్స స్వతంత్ర పద్ధతిగా ఎలా మారింది?
3. స్వీడన్ పరిశోధన ఫలితాలను నేటి పద్ధతులకు వర్తింపజేసేటప్పుడు ఎందుకు జాగ్రత్తపడాలి?
4. ఎప్పటినుంచో ఛాతీమంట ఉన్న వ్యక్తి స్లీవ్, బైపాస్‌లలో ఒకదాన్ని ఎంచుకోవలసి ఉంది. ఆ వ్యక్తి పరిగణించవలసిన అంశాలను వివరించండి.