బొరుసుపై టోటెమ్ స్తంభం: 1958 నాటి కెనడా వెండి డాలర్

శాతవాహనుల చరిత్రకు నాణేలు ముఖ్య ఆధారాలని మీరు చదివే ఉంటారు. ఆధునిక నాణేన్ని కూడా అదే దృష్టితో పరిశీలించవచ్చు. నేడు సేకర్తలు భద్రపరచుకొనే 1958 నాటి కెనడా వెండి డాలరును తీసుకోండి.

బ్రిటిష్ కొలంబియా వలసరాజ్యం ఏర్పడి నూరేళ్లు నిండిన సందర్భంగా దీనిని ముద్రించారు. ఇందులో వెండి 80 శాతం. బొమ్మ వైపు రెండవ ఎలిజబెత్ రాణి. బొరుసు వైపు పర్వతాల ముందు నిలిచిన టోటెమ్ స్తంభం. పసిఫిక్ తీరపు ఆదివాసులు తమ వంశచిహ్నాలను పెద్ద మానులపై చెక్కి నిలిపే స్తంభమిది. నాణెంపై దానిని రూపొందించినది మాత్రం హంగేరీలో పుట్టిన శిల్పి స్టీఫెన్ ట్రెంకా.

ఇప్పుడు తేదీలు గమనించండి. ఇటువంటి స్తంభాలు నిలిపే సందర్భాలలో జరిపే పాట్‌లాచ్ అనే విందును, దానోత్సవాన్ని కెనడా చట్టం 1885 నుండి 1951 వరకు నిషేధించింది. ఉత్సవం జరిపినవారు జైలుకు వెళ్లారు; వారి ముఖతొడుగులు మ్యూజియంలకు చేరాయి. నిషేధం తొలగిన ఏడేళ్లకే ఆ కళ దేశపు నాణెమెక్కింది. అయితే తమ చట్టబద్ధ హోదా వదులుకోకుండా జాతీయ ఎన్నికలలో ఓటు వేసే హక్కు ఆదివాసులందరికీ దక్కినది 1960లో!

స్తంభంపైనున్న బొంతకాకి మరణసూచకమన్న వదంతి వల్ల దీనికి ‘మృత్యు డాలర్’ అన్న పేరు కూడా వచ్చింది. హైడా ప్రజల కథలలోనైతే లోకానికి వెలుగు తెచ్చినది ఆ పక్షే. వదంతిని ఆధారంగా స్వీకరించే ముందు ఈ తేడాను గుర్తుంచుకోండి.

2010 వాంకూవర్ ఒలింపిక్ పతకాలకు ఓర్కా తిమింగలాన్ని, పారాలింపిక్ పతకాలకు బొంతకాకిని గీసినది ఆ తీరపు ఆదివాసీ కళాకారిణి కోరిన్ హంట్.