గాలివాన కంటె ముందు రావలసిన కబురు

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదని వినినంతనే మన తీరవాసుల చెవులు రేడియోవైపు తిరుగును. విశాఖపట్నమున మూడవ నంబరు, కాకినాడలో అయిదవ నంబరు, మచిలీపట్నమున పదియవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరని సంఖ్య పెరిగినకొలది గుండెదడయు పెరుగును. అయితే ఈ సంఖ్యలు మొదట ఏర్పడినది ఈ తీరవాసుల కొఱకు కాదు. వారి గడప వరకు కబురు వచ్చి చేరుటకు నూఱు సంవత్సరములకు పైగా పట్టెను.

గోదావరి సముద్రమున కలియు తావున, యానామునకు చేరువలో, ఓడల నిర్మాణమునకు పేరుగాంచిన కోరంగి రేవు ఉండెడిది. 1789 డిసెంబరులో ఆ రేవుమీద మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చిపడినవి: మొదటిది లంగరు వేసియున్న నావల నన్నింటిని గట్టునకు విసరివేసెను, రెండవది పల్లపు నేలల నెల్ల ముంచెత్తెను, మూడవది మిగిలినదానిని తుడిచిపెట్టెను. తిరిగి 1839 నవంబరు 25న అచటనే మఱియొక ఉప్పెన వచ్చెను. రెండు పర్యాయములందును ముందుగా చెప్పు వ్యవస్థ ఏదియు లేదు. అలల పోటును, గాలి మళ్లుటను చూచి బెస్తవారు తమంతట తాము పసిగట్టగలిగినంతయే హెచ్చరిక.

ఈ ఉత్పాతములను శాస్త్రదృష్టితో పరిశీలించినవాడు కలకత్తాలోని నావికా న్యాయస్థానమునకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టను. ఓడల దినచర్యా పుస్తకములను ఓపికతో పోగుచేసి, ఏ గడియలో ఏ నావకు ఏ దిక్కు గాలి తగిలినదో సరిపోల్చి, తుపానులు చక్రాకారముగ తిరుగుచు ముందుకు సాగు తీరును ఆయన నిరూపించెను. 1848లో నావికులకై దీనిని గ్రంథముగా ప్రకటించెను. సుందరవనముల అంచున, మాత్లా నదిపై క్రొత్త రేవు కట్టుటకు ప్రభుత్వము పూనుకొనగా, ఆ తావునకు ఎన్నడో ఒకనాడు ఉప్పెన తప్పదని 1853లో గవర్నరు జనరలునకు ఆయన బహిరంగ లేఖ వ్రాసెను. ఎవరును లక్ష్యపెట్టలేదు, రేవు వెలసినది. 1867 నవంబరులో సముద్రము ఆ పోర్టు క్యానింగు మీదికి పొరలి వచ్చునాటికి పిడింగ్టను గతించి తొమ్మిదేండ్లయ్యెను. ఒక్క మనుష్యుడు ఇంత స్పష్టముగ చెప్పియు ఫలము లేకపోయిన సందర్భము మన వాతావరణ చరిత్రలో వేఱొకటి నాకు కానరాదు.

1864 అక్టోబరు 5న కలకత్తాను తుపాను కూల్చెను. ఇరువదియేడు దినములకే, నవంబరు 1వ తేదీ రాత్రి, బందరు (మచిలీపట్నము) మునిగెను. బందరునందును చుట్టుపట్ల పల్లెలయందును ముప్పదివేలమంది మరణించిరని అంచనా. మరుసటి సంవత్సరమే కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగెను. ముప్పదివేల ప్రాణములు పోగొట్టుకొన్న బందరు వేచియుండవలసివచ్చెను. రాజధానియందలి ఓడలకును సరకులకును ఉన్న విలువ తాటాకు గుడిసెలకు లేకపోవుటయే దీనికి కారణమని నేను తలంతును. 1875లో వాతావరణ శాఖ వెలసి, బ్లాన్‌ఫర్డు దానికి అధిపతి యయ్యెను. 1898 నాటికి రేవులన్నిటికిని ఒకే తీరు సంకేతములు నిర్ణయమైనవి.

ఆ సంకేతములు చూడదగినవి. పగలు జెండాకొయ్యపై నల్లని శంకువులును స్తూపములును, రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములును వ్రేలాడదీయుదురు. దూరపు సముద్రమున గాలి రేగినదని మొదటి రెండును, రేవునకే గాలి ముప్పు కలదని మూడు నాలుగును తెలుపును. తుపాను రేవును తన త్రోవకు ఎడమగా విడుచునో, కుడిగా విడుచునో, నేరుగా దానిమీదనే వచ్చునో అయిదు మొదలు పది వరకు గల సంఖ్యలు చెప్పును. హెచ్చరిక కేంద్రముతో సంబంధమే తెగిపోయినదని పదునొకండవది చాటును. లంగరు ఎత్తవలెనా, తీరమును విడిచి పోవలెనా యని తేల్చుకొనుటకు నావికునకు ఇంతకంటె చక్కని భాష లేదు. కాని ఉప్పుమళ్లలో పనిచేయు కూలికి, లంకలలో పసులను మేపుకొను కాపుకు ఆ కొయ్య కంటికి కనబడదు; కనబడినను, గాలిని గూర్చియే గాని ఉప్పెన ఎంత ఎత్తున వచ్చునో అది చెప్పదు.

ఈ లోపమునకు, కృష్ణ సముద్రమున కలియు చోటనున్న దీవిసీమ చెల్లించిన మూల్యము పదివేల ప్రాణములు. 1977 నవంబరు 19న అచట ఉప్పెన వచ్చినపుడు ఆకాశవాణి హెచ్చరికలు వెలువడక పోలేదు; తుపానులను పసిగట్టు రాడారు సైతము విశాఖలో అప్పటికే ఉండెను. అయినను అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములలో నీరు క్రోసులకొలది లోనికి చొచ్చుకొని రాగా, కబురు విన్నవాడు సైతము ఎక్కి నిలువదగిన మేడ లేక కొట్టుకొనిపోయెను. సొర్లగొంది వంటి ఊళ్లు శ్మశానములైనవి.

అటుపిమ్మటనే తీరమంతట తుపాను రక్షణ భవనములు లేచినవి, మచిలీపట్నమున రాడారు వెలసెను. ఇన్సాటు ఉపగ్రహము ద్వారా, మొదట సైరను కూసి, పిదప స్థానిక భాషలోనే హెచ్చరిక వినిపించు యంత్రములను తీరప్రాంతములందు నెలకొల్పిరి. 1990 మే 9న కృష్ణ సముద్రమున కలియు చోటికి సమీపముననే మఱియొక భీకరమైన తుపాను తీరము దాటెను. ఈసారి అధికారులు లక్షలకొలది జనులను గాలి రేగకముందే లారీలపైనను బస్సులపైనను తరలించిరి. పంటలును ఇండ్లును అపారముగా నష్టమైనవి. మృతులు మాత్రము వేయికి లోపుగనే ఉండిరి.