పాత ఫ్రిజ్జు, పోయిన వాయువు

చల్లదనం తగ్గిన పాత ఫ్రిజ్జును బాగుచేయించడమా, పింఛను డబ్బు పెట్టి కొత్తది కొనడమా అన్న తర్జనభర్జన మా ప్యాపిలి ఇళ్ళలోనూ ఉన్నదే. దీని వెనుక చిన్న చరిత్ర ఉన్నది.

హైదరాబాదులో 1942లో వెలసిన ఆల్విన్ సంస్థ ఫ్రిజ్జు ఒకప్పుడు తెలుగు మధ్యతరగతి ఇంటికి అలంకారం. 1990లలో ఆ విభాగం వోల్టాసు పరమైంది. కంపెనీ పోయినంత మాత్రాన యంత్రం పోదు; తలుపు రబ్బరు, థర్మోస్టాటు ఎవరివైనా అమరుతాయి. అసలు చిక్కు లోపలి వాయువుది. నాడు ఎక్కువగా వాడినది ఆర్-12. అది ఓజోను పొరను హరిస్తుందని తేలి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశమూ అందులో చేరింది. 2010 నాటికి ఆ వాయువుకు ఇక్కడ కాలం చెల్లింది. బదులు వచ్చిన ఆర్-134ఎ పాత కంప్రెసరులోని ఖనిజ తైలంతో కలవదు. ఇక అది గుండె మార్పిడియే! హైడ్రోకార్బను మిశ్రమం కలుస్తుంది గాని, మండుతుంది. అలవాటు లేని చేతికి అప్పగించరాదు.

కనుక నా తీర్పు ఇది: రబ్బరో రిలేయో పోతే బాగుచేయించండి. వాయువు కారిపోతే కంప్రెసరు మీది చీటీ చదవండి; ఆర్-12 అని ఉంటే కొత్తది కొనండి. మిగిలిన వాయువును గాలిలోకి వదలవద్దని మెకానిక్కుకు మరీ మరీ చెప్పండి.