బొగ్గు బండి కింద జపాన్ మోటారు

బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు మన దేశపు తొలి కరెంటు రైలు కదిలింది 1925 ఫిబ్రవరి 3న. ఆ నూరేళ్ల పండక్కి అందరూ బొంబాయిని తలుచుకున్నారు. బాగానే ఉంది. కరెంటు ఇంజను అసలు బలం చూడాలంటే మాత్రం మంచిర్యాల ప్లాట్‌ఫాం మీద ఒక పూట నిలబడాలి.

పాత సంగతులు గబగబా చెప్పేసుకుందాం. ఈ గోదావరి తీరాన వందల ఏళ్లు సరుకు మోసింది ఎద్దులే. వీపున ఉప్పు, ధాన్యం బస్తాలతో లంబాడీల ఎద్దుల బిడారులు మొగలు సైన్యాల వెంటా, నిజాం సైన్యాల వెంటా నడిచాయి. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది. 1920ల చివర బెల్లంపల్లి గనులు తెరుచుకున్నాయి. 1929లో కాజీపేట-బల్లార్షా లైను పూర్తయి ఢిల్లీకీ మద్రాసుకూ దారి దగ్గరయింది. ఆ లైను పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ మీదుగా పోతుంది. కరీంనగర్ ఊరినీ ఆదిలాబాద్ ఊరినీ మాత్రం తాకదు! జిల్లాల పేర్లు మోసిన రెండు పట్టణాలనూ పక్కన పెట్టి, రైలు బొగ్గునే వరించింది. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్ దాకా లైను కలిసేసరికి 2017 వచ్చింది.

1980ల్లో ఈ దారి మీద తీగలు లేచాయి. ఆవిరి ఇంజను సింగరేణి బొగ్గును తానే తిని బండిని లాగేది. ఇప్పుడు అదే బొగ్గు రామగుండం ఎన్టీపీసీ బాయిలర్లో మండుతుంది. అక్కడి మొదటి యూనిట్ 1983లో మొదలైంది, తర్వాత కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. ఆ కరెంటు గ్రిడ్‌లో కలిసి, 25 వేల వోల్టులతో తీగలోకి వచ్చి, తిరిగి బొగ్గు బండినే లాగుతుంది. బొగ్గు తన బండిని తానే లాక్కుంటోందన్నమాట. పొగ మాత్రం రైలు నెత్తిన కాక చిమ్నీ నెత్తిన.

ఇక నాకు ఇష్టమైన ఇంజను దగ్గరికి వద్దాం. చిత్తరంజన్ కర్మాగారంలో 1992 నుంచి తయారైన డబ్ల్యూఏజీ-7. అయిదు వేల హార్స్‌పవర్, 123 టన్నుల బరువు, కింద ఆరు మోటార్లు. ఆ మోటారు పేరు హెచ్ఎస్ 15250, డిజైన్ జపాన్ హిటాచీ వాళ్లది. జపాన్‌తో మనకిది కొత్త చుట్టరికం కాదు. 1960ల్లో హిటాచీ, మిత్సుబిషి సరుకు ఇంజన్లు మనకొచ్చాయి. బైలదిల్లా ఇనుప రాయిని జపాన్ ఓడలకు చేర్చే కొత్తవలస-కిరందుల్ లైనుకు 1980ల చివర హిటాచీ ఇంజన్లు కూడా దిగాయి. మన బొగ్గు లైనుకు జపాన్ పంపింది ఇంజను కాదు, దాని గుండెను.

ఒక్క రేక్, అంటే వ్యాగన్ల వరస, కదలడం చూడండి. 58 బాక్సన్ వ్యాగన్లు నిండితే మొత్తం బరువు 4,700 టన్నుల దాకా. లోకో పైలట్ నాచ్ ఒక్కొక్కటే పెంచుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద ట్యాప్ చేంజర్ 32 మెట్లు ఎక్కాలి. చక్రం జారిందా, ఇసుక పెట్టె నుంచి పట్టాల మీదికి ఇసుక రాలుతుంది. కప్లింగులు ఒకదాని వెనక ఒకటి టకటకమంటూ ముందు నుంచి గార్డు బ్రేక్‌వ్యాన్ దాకా చప్పుడు పరుగెడుతుంది. డీసీ సిరీస్ మోటారుకు ఆగి ఉన్నప్పుడే లాగే బలం ఎక్కువ, అందుకే ఈ మొదటి అడుగు దానికి చెల్లింది. మధ్యలో కరెంటు లేని న్యూట్రల్ సెక్షన్ వస్తే ముందే బోర్డు చూసి డీజే అనే ప్రధాన సర్క్యూట్ బ్రేకర్‌ను తెరవాలి, దాటాక మూయాలి. మరిస్తే తీగకూ ఇంజనుకూ చేటే. కమ్యుటేటర్ మీద రాసుకునే కార్బన్ బ్రష్షులు అరుగుతుంటాయి, షెడ్డులో వాటిని చూసి మార్చాల్సిందే. బొగ్గు ధూళి సీమలో ఆ పని ఇంకాస్త ఎక్కువే.

జపాన్ వాళ్లకు సొంతంగా ఈఎఫ్210 అనే సరుకు ఇంజను ఉంది. దానికి జానపద కథలోని పీచు పండు పిల్లాడు మొమొతారో పేరు పెట్టారు. అది లాగేది 1,300 టన్నులు. మన ఏడో నంబరు అంతకు మూడింతలు లాగినా అందరూ దాన్ని నంబరుతోనే పిలుస్తారు.

తర్వాత కథ వరస తప్పుతుంది. స్విట్జర్లాండ్ ఏబీబీ టెక్నాలజీతో వచ్చిన డబ్ల్యూఏజీ-9కి బ్రష్షుల బెడదే లేదు. పైగా బ్రేకు వేస్తే కరెంటు తీగలోకి తిరిగొస్తుంది. మధేపురా నుంచి 2020లో పన్నెండు వేల హార్స్‌పవర్ జంట ఇంజన్లు దిగాయి. దాహోద్‌లో మరో రకం మొదలైంది. చిత్తరంజన్ ఏడో నంబరును కట్టడం మానేసింది, లైను మీద అది ఇంకా తిరుగుతూనే ఉంది. రామగుండం రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. అంటే నిన్నటి బొగ్గు లెక్కలోకి కొంత ఎండ కూడా చేరింది. ఈ కాజీపేట-బల్లార్షా దారిలో మూడో లైను కొన్ని చోట్ల పూర్తయింది, కొన్ని చోట్ల కాలేదు. అది అయితే ప్యాసింజర్లు ఆగడం తగ్గుతుందంటున్నారు. మంచిర్యాలలో సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లు మాత్రం, ముందు ఏ బండికి సిగ్నల్ ఇస్తారో చూసి చెబుతామంటారు.