పప్పులో కలిపే మాత్ర: రబ్బరు ఫ్యాక్టరీ నుంచి మన వంటింటి దాకా

మందు మానడం గురించి ఒక ఎపిసోడ్ చేయమని చాలామంది అడిగారు. అందులో ఒక ప్రశ్న మాత్రం మళ్లీ మళ్లీ వచ్చింది. "అన్నా, మా నాన్నకి తెలీకుండా పప్పులోనో చారులోనో కలిపేస్తే మందు మానేస్తారంట కదా, ఆ మాత్ర నిజంగా ఉందా?" గోడల మీద, ఫోన్లో వచ్చే యాడ్స్‌లో మీరూ చూసే ఉంటారు, "తాగేవారికి తెలియకుండానే" అని. ఆ పొడుల సంగతి పక్కన పెట్టేద్దాం. డాక్టర్లు రాసే అసలు మాత్ర ఒకటుంది, డైసల్ఫిరామ్. దాని చరిత్ర వింటే మీ ప్రశ్నకి జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇది మొదట మందే కాదు. 1881లోనే కెమిస్టులు తయారుచేశారు, కానీ వాడింది రబ్బరు పరిశ్రమలో. పచ్చి రబ్బరుని టైరుకి పనికొచ్చేలా గట్టిపరిచే పని ఉంటుంది కదా, దాన్ని స్పీడ్ చేయడానికి. అమెరికాలో ఒక ఫ్యాక్టరీ డాక్టర్, ఇ.ఇ. విలియమ్స్, 1937లో ఒక విషయం రాశాడు. దీనికి దగ్గర చుట్టం లాంటి కెమికల్‌తో పనిచేసే వర్కర్లు సాయంత్రం కాస్త మందు తాగినా తట్టుకోలేకపోతున్నారని. ముఖం ఎర్రబడటం, గుండె దడ. తాగుడుకి ఇదే మందు అవుతుందేమో అని ఆయనకి అనుమానం కూడా వచ్చింది. అంతే, అక్కడితో ఆగిపోయింది.

చిన్న సైడ్ ట్రాక్, చెప్పకుండా ఉండలేను. దానికి రెండేళ్ల ముందు, 1935లో, ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఎక్కడో తెలుసా? ఒహాయోలోని ఆక్రన్‌లో, ప్రపంచ రబ్బరు రాజధాని అని పిలిచే ఊళ్లో. బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్‌నీ, బాబ్ స్మిత్ అనే సర్జన్‌నీ కలిపింది గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ పెట్టినాయన కోడలు హెన్రియెట్టా సైబర్లింగ్. ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్లే. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన రోజు, జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కపెడతారు. మాత్రకీ, మనుషుల సాయానికీ రెండింటికీ పక్కన రబ్బరే ఉంది. ఇది ఉత్త యాదృచ్ఛికం, థియరీలు అల్లకండి.

ఇప్పుడు డెన్మార్క్ వెళ్దాం. 1940ల్లో కోపెన్‌హేగన్‌లోని మెడిసినల్కో కంపెనీలో ఎరిక్ జేకబ్సన్, జెన్స్ హాల్డ్ అనే ఇద్దరు డైసల్ఫిరామ్ మీద పనిచేస్తున్నారు. వాళ్లు వెతుకుతున్నది తాగుడుకి మందు కాదు, కడుపులో పురుగులకి మందు. ఆ కంపెనీలో ఒక అలవాటుండేది, కొత్త మందుని ముందు తామే మింగి చూడటం. అలా మింగిన ఇద్దరికీ ఒక తేడా కనిపించింది. మామూలు రోజుల్లో ఏమీ లేదు. మందు తాగిన రోజు మాత్రం ఒళ్లంతా అల్లకల్లోలం. ప్రొడక్షన్లో బగ్ అనుకున్నదే చివరికి ఫీచర్ అయింది. 1948లో లాన్సెట్‌లో వాళ్ల పేపర్ వచ్చింది. అదే ఏడాది మార్టెన్సెన్-లార్సెన్ అనే డేనిష్ డాక్టర్ పేషెంట్ల మీద వాడిన అనుభవం కూడా వచ్చింది. 1951కల్లా అమెరికాలో అనుమతి దొరికింది.

పనిచేసే తీరు సింపుల్. మనం తాగిన ఆల్కహాల్‌ని లివర్ ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది విషం. వెంటనే ఇంకో ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టి బయటపడేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమ్‌ని ఆపేస్తుంది. విషం ఒంట్లో పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, తలనొప్పి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. ఎక్కువైతే ప్రాణం మీదకే వస్తుంది. పైగా చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఈ రియాక్షన్ రావచ్చు.

మొదట్లో డాక్టర్లే దీన్ని అతిగా వాడారు. పెద్ద పెద్ద డోసులు ఇచ్చి, ఆసుపత్రిలోనే మందు పోసి తాగించి, "చూశావా, ఇలా ఉంటుంది" అని చూపించేవాళ్లు. మనుషులు చనిపోయారు. ఆ దెబ్బతో డోసు బాగా తగ్గించారు, ఇప్పుడు మామూలుగా రోజుకి 250 మిల్లీగ్రాములు. అమెరికా లేబుల్ మీద నల్ల గీతల డబ్బాలో ఒక హెచ్చరిక చేరింది: పేషెంట్ మత్తులో ఉన్నప్పుడు ఇవ్వకూడదు, అతనికి పూర్తిగా తెలియకుండా అసలే ఇవ్వకూడదు, ఈ మాట ఇంట్లోవాళ్లకి కూడా చెప్పాలి. మన పప్పు ప్రశ్నకి జవాబు ఆ మాత్ర డబ్బా మీదే ఉంది.

నాకు ఇంకా నచ్చిన విషయం 1986లో వచ్చిన ఒక స్టడీ. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 605 మంది మగవాళ్లని మూడు గ్రూపులు చేశారు. ఒకరికి 250 మిల్లీగ్రాములు, ఒకరికి పేరుకి 1 మిల్లీగ్రాము, ఒకరికి ఉత్త విటమిన్. పూర్తిగా మానేసినవాళ్ల లెక్కలో మూడు గ్రూపులకీ పెద్ద తేడా రాలేదు! కానీ ఏ గ్రూపులో అయినా సరే, ఇచ్చినదాన్ని క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లే ఎక్కువగా మానేశారు. అంటే ఆ మాత్ర తాగాలన్న కోరికని చంపదు. "ఈరోజు వేసుకున్నాను, కాబట్టి తాగలేను" అన్న తెలివిడి మీదే బండి నడుస్తుంది. ఇంట్లోవాళ్లెవరైనా దగ్గరుండి, ఆయన ఒప్పుకుంటేనే, రోజూ వేయిస్తే ఫలితం బాగుంటుందని తర్వాతి పరిశోధనలు కూడా చెప్పాయి. మరి ఆయనకి తెలియకుండా కలిపితే? భయం ఉండదు, కాబట్టి ఎప్పటిలాగే తాగుతారు. రియాక్షన్ వస్తుంది. గుండెపోటో ఏమిటో అర్థంకాదు, క్యాజువాలిటీలో డాక్టర్‌కి చెప్పడానికి అమ్మకి నోరు రాదు. ఎందుకు కలిపిందో నాకు అర్థమవుతుంది, ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి ఏదైనా చేస్తుంది. కానీ ఇది ఆమెనే ఇరికిస్తుంది.

మన దగ్గర తాగుడు చరిత్ర అంటే 1992 దూబగుంట, 1995 మద్యనిషేధం, 1997లో ఎత్తేయడం. అవన్నీ దుకాణం చుట్టూ జరిగిన పోరాటాలు. గొప్పవే. కానీ దుకాణం మూసిన రోజు తాగుడుకి బానిసైన ఒంట్లో ఏం జరుగుతుందో మనకి 2020 లాక్‌డౌన్‌లో కళ్లకి కట్టింది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఒక్కసారిగా జనం క్యూ కట్టారు. ఏళ్లుగా రోజూ బాగా తాగే మనిషి టక్కున ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, మాట తప్పడం, దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు, 1813లో పెట్టిన పేరు. చూసుకోకపోతే ప్రాణం పోతుంది. కాబట్టి గదిలో పెట్టి తాళం వేయడం కూడా వైద్యం కాదండీ. డాక్టర్లు కొన్ని రోజులు ఈ లక్షణాలు అదుపులో ఉండేలా మందులిచ్చి, బీ1 విటమిన్ ఎక్కించి, మెల్లగా దించుతారు. డైసల్ఫిరామ్ ఆ తర్వాతి మాట.

ఇప్పుడు అదొక్కటే దారి కూడా కాదు. తాగితే వచ్చే కిక్‌ని తగ్గించే నాల్‌ట్రెక్సోన్ 1994లో, మానేశాక కోరికని అదుపులో పెట్టే అకాంప్రోసేట్ 2004లో అమెరికాలో అనుమతి పొందాయి. మన దేశంలోనూ రాస్తారు. ఇంట్లోవాళ్లకి కూడా వైద్యంలో భాగం ఉండాలన్న మాటని మన దక్షిణాదిలో గట్టిగా పట్టుకున్నది శాంతి రంగనాథన్. 1979లో భర్త తాగుడువల్ల చనిపోతే, 1980లో ఆయన పేరుతోనే చెన్నైలో టీటీ రంగనాథన్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. అక్కడ భార్యలకీ కౌన్సెలింగ్ ఉంటుంది.

మెసేజ్ పెట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు: 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. నాన్నగారు రానంటే ముందు మీరే చేయొచ్చు, అమ్మతో కూడా మాట్లాడించండి. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా కాల్స్‌తో టైమ్ వేస్ట్ చేయకుండా 108కి చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కల్లులో కలిపే మత్తు మాత్రల చరిత్ర మాట్లాడుకుందాం.