ప్రతిరక్షకోత్పత్తిలో కాంప్లిమెంట్ పాత్ర : చిట్టెలుకల ప్రయోగాల చరిత్ర (1974–1996)

కాంప్లిమెంట్ రక్తంలోని ప్రోటీన్ల సముదాయం. పంతొమ్మిదో శతాబ్దం చివర జూల్స్ బోర్డె దాని క్రియను నిరూపించగా, పాల్ ఎర్లిక్ దానికి ఆ పేరు పెట్టాడు. ప్రతిరక్షకం (యాంటీబాడీ) ప్రధానం, ఇది దానికి పూరకం అన్న భావన ఆ పేరులోనే ఉంది. ప్రతిరక్షకం సూక్ష్మజీవిని గుర్తిస్తుంది, కాంప్లిమెంట్ దానిని నశింపజేస్తుంది అన్న ఈ క్రమం దశాబ్దాలపాటు స్థిరపడిపోయింది. ప్రతిరక్షకం పుట్టడానికే కాంప్లిమెంట్ అవసరమా అన్న ప్రశ్న ఈ క్రమాన్ని తలకిందులు చేసింది.

1974లో మార్క్ పెపిస్ ప్రచురించిన ప్రయోగాలు ఇందుకు నాంది. నాగుపాము విషంలోని ఒక ప్రోటీన్ రక్తంలోని సి3 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్‌ను హరింపజేస్తుంది. దానిని ఎక్కించిన చిట్టెలుకల్లో, టి-కణాల తోడ్పాటు అవసరమైన ప్రతిజనకాలకు ప్రతిరక్షకోత్పత్తి తగ్గింది; ఆ తోడ్పాటు అక్కరలేని వాటికి తగ్గలేదు. అయితే ఒక సందేహం మిగిలింది. సి3 విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే ఖండాలే ఈ ఫలితానికి కారణం కావచ్చు గదా!

తరువాతి పరిశోధకులు సి3ను వదలి, బి-కణాలపై దాని ఖండాలను అందుకునే గ్రాహకంపై దృష్టి నిలిపారు. 1990లో బిర్గిట్టా హేమాన్ బృందం ఆ గ్రాహకానికి అంటుకునే ప్రతిరక్షకంతో చిట్టెలుకల ప్రతిస్పందనను అణచింది. ఆ ప్రతిరక్షకం బి-కణాన్నే మార్చివేసి ఉండవచ్చునన్న ఆక్షేపణకు మరుసటి ఏడాది డగ్లస్ ఫియరన్ బృందం సమాధానమిచ్చింది. వారు కణానికి అంటుకోని, రక్తంలో కరిగి ఉండే గ్రాహకాన్ని ఎక్కించారు. అది సి3 ఖండాలను దారిలోనే పట్టివేసినా ఫలితం మారలేదు.

1996లో రెండు వైపుల నుంచి నిర్ధారణ లభించింది. సి3, సి4 జన్యువులు లేని చిట్టెలుకల్లోనూ, గ్రాహక జన్యువు లేని వాటిలోనూ ప్రతిస్పందన కుంటుపడింది. అదే ఏడాది ఫియరన్ బృందం కోడిగుడ్డు లైసోజైమ్‌కు సి3డి ఖండాలను జతచేసింది. రెండు ఖండాలతో దాని ప్రేరకశక్తి 1,000 రెట్లు, మూడింటితో 10,000 రెట్లు పెరిగింది.

అయినా కాంప్లిమెంట్ అన్ని సందర్భాల్లోనూ అనివార్యం కాదు. ప్రతిజనకం మోతాదు పెరిగితే దాని లోపం కొంతవరకు కప్పబడుతుంది. అందువల్ల కాంప్లిమెంట్‌ను ప్రతిరక్షకోత్పత్తికి ఆధారంగా గాక, స్వల్ప ప్రతిజనకాన్ని సైతం బి-కణం గుర్తించేటట్లు చేసే సహకారిగా గ్రహించడం సముచితం. ఎర్లిక్ పెట్టిన పేరు నిలిచింది. కాని పూరకమన్నది ప్రతిరక్షకం తరువాత మాత్రమే వచ్చేది కాదని, దానికి ముందే పని ప్రారంభిస్తుందని ఈ ప్రయోగాలు స్థాపించాయి.