మస్టరు ఎవరు చదవాలి?

మన్యంలో కూలి లెక్కల గొడవ కొత్తది కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన పోరాటాన్ని అల్లూరి పేరుతోనే అందరూ చెబుతారు. దాని వెనుక దారి పనుల్లో మా తాతలకు సరిగా ముట్టని కూలి కూడా ఉంది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చేయించిన ఆ పనికి లెక్క కాగితం ఉండే ఉంటుంది. దాన్ని మా వాళ్లకు చదివి వినిపించినవారు లేరు.

2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను ఆ పనిని గ్రామసభకు అప్పగించింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. కూలి కుటుంబాల్లో చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపారు. వాళ్లు మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. ఎన్ని రోజులు పని చేశావు, ఎంత ముట్టింది అని అడిగారు. తవ్విన కుంటను టేపుతో కొలిచారు. చివరికి మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే అన్నీ చదివారు. పనికి రానివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు అలాగే బయటపడ్డాయి.

మా దృష్టిలో అసలు చిక్కు కొలతల్లో లేదు, భాషలో ఉంది. తనిఖీకి ఎవరినీ సొంత ఊరికి పంపరు. మంచి నియమమే. కానీ వచ్చిన పిల్లకు కువి రాకపోతే, కువి తప్ప రాని ముసలమ్మ చెప్పింది కాగితం మీద సగమే పడుతుంది. ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు నేర్చిన మన పిల్లలు ఉన్నచోట ఆమె మాట పూర్తిగా నమోదయింది. తేలిన సొమ్మును తిరిగి రాబట్టడం మాత్రం ఆఫీసుల చేతిలోనే ఉండిపోయింది.